చివరి బాటసారి ఇల్లు చేరేదాకా

ఖద్దూరికి వానంటే పడదు. ఇది ఈ దేశానికొచ్చాక పెంచుకున్న కక్ష కాదు, పుట్టుకతో వచ్చింది. బాగ్దాదులో వాళ్ళ తాత దూదేకేవాడు, తండ్రి దూదేకేవాడు, అతనూ దూదేకేవాడే. దూదికి తడి తగిలిందంటే ఆ రోజు పని పోయినట్టే. విల్లుకి కట్టిన నారి మోగదు. దూది విచ్చుకోకుండా ముద్దకట్టి మొండికేస్తుంది. పెళ్ళివారు పరుపుల కోసం మనుషుల మీద మనుషుల్ని పంపుతుంటే ఖద్దూరి తండ్రి గుమ్మంలో నిలబడి మబ్బుల్ని తిట్టేవాడు. ఆ తిట్లు వింటూ పెరిగినవాడికి వాన మీద భక్తి ఎక్కణ్ణించి వస్తుంది?

పోనీ ఊరికి వానతో పనుందా అంటే అదీ లేదు. ఇంటి వెనకే టైగ్రిస్ నది. తాగడానికీ, తోటలకీ, వేసవి సాయంత్రాలు ఒడ్డున చేప కాల్చుకు తినడానికీ అన్నిటికీ నదే. కాలువ కింద బతికేవాళ్ళు ఆకాశం వంక చూడరు. ఏటా డిసెంబరు మొదట్లో ప్రార్థనలో వానను అడగాల్సిన రోజు వచ్చేది. అడిగేవాళ్ళు. పక్కింటివాళ్ళ పెళ్ళికి మొహమాటానికి వెళ్ళొచ్చినట్టు అడిగి, ఇంటికొచ్చి పప్పుచారు తాగి పడుకునేవాళ్ళు.

విడ్డూరం ఏమిటంటే, ఆ పేటలో అందరి తరఫునా నిలబడి పైకి చదివి వానను అడిగేవాడు ఈ ఖద్దూరే. చదువు అంతంత మాత్రం. వేళాకోళం చేస్తే బదులివ్వడం కూడా రాదు, నోట్లో నాలుక లేని మనిషి. కానీ ప్రార్థనకి నిలబడితే ఎక్కణ్ణించో ఒక గొంతు వచ్చేది. రోజంతా నారి మోత పక్కన కూర్చుని కూర్చుని ఆ మోత గొంతులోకి దిగిందని జనం అనేవాళ్ళు. ఫర్హా అతన్ని పెళ్ళాడింది ఆ గొంతు వినే. ఆ గొంతుతో ఇంట్లో కూడా మాట్లాడతాడేమో అనుకుని మోసపోయానని పాతికేళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతోంది.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. ఒక ఏడాది బాగ్దాదులోని యూదులం, మనవాళ్ళందరం, ఉన్న పళంగా లేచి ఈ దేశానికి బయల్దేరాం. మనిషికో పెట్టె అన్నారు. విల్లు పెట్టెలో పట్టదు. ఖద్దూరి నారి విప్పి, నడుముకి చుట్టుకుని, విల్లుని దుకాణంలోనే గోడకి ఆనించి వచ్చేశాడు. విమానం దిగాక ఒంటి మీద పురుగుల మందు చల్లారు, లారీ ఎక్కించారు, ఈ గుట్టల మధ్య గుడారాల ముందు దింపారు. ఇల్లేదని ఫర్హా అడిగింది. ఇదేనని లారీవాడు చెప్పాడు. కొద్ది నెలల్లో రేకు గదులొస్తాయని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు.

ఇక్కడ నది లేదు. ఉన్నదంతా మెట్ట. క్యాంపుకి ఒక కుళాయి వరస, దాని వెనక డబ్బాల వరస, డబ్బాల వెనక మనుషుల వరస. రోడ్డుకి అవతల రైతుల పొలాలున్నాయి. ఆ రైతులు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తలెత్తి పైకి చూస్తారు. కూలికి వెళ్ళిన మొదటివారం ఖద్దూరి వాళ్ళకి మెడనొప్పి అనుకున్నాడు. అవి వాన కోసం చూసే చూపులని తర్వాత అర్థమైంది.

"బాగ్దాదులో మనకి నదుండేది నాయనా. నదంటే జేబులో ఉన్న రొట్టె. ఆకలేస్తే తీసుకు తింటావు, ఎవరి మొహం చూడక్కర్లేదు. ఇక్కడ అలా కాదు, రోజూ పొద్దున్నే తండ్రి ముందుకెళ్ళి నిలబడాలి. మనం మొహం తిప్పుకుని పోకుండా ఉండాలనే ఈ నేలనిలా చేశాడు," అన్నాడు హాఖాం అబూదీ. అబూదీ మా హాఖాం, అంటే చదువుకున్న మతపెద్ద. చూపు సగం పోయింది. బాగ్దాదు నుంచి వచ్చిన గుడారాలన్నిటికీ ధర్మం చెప్పేది ఆయనే.

"అలా నిలబడితే ఇస్తాడా?" అన్నాడు ఖద్దూరి.

"అది ఆయనిష్టం. మూడు తాళంచెవులు ఆయన ఏ దూత చేతికీ ఇవ్వడు. వానది, కాన్పుది, చనిపోయినవాళ్ళని లేపేది. ఆ మూడూ తన దగ్గరే."

పక్క గుడారం బెఖోర్ అక్కడే ఉన్నాడు. వాడికి ప్రతిదీ నవ్వులాటే. "మన రేకు గదుల తాళంచెవి మాత్రం క్యాంపు గుమాస్తాకిచ్చాడు గురువుగారూ. అక్కడే దెబ్బతిన్నాం," అన్నాడు. అబూదీ కూడా నవ్వాడు.

అది మొదటి శరత్కాలం మాట. ఆ ఏడు హెష్వాన్ నెల ఏడో తేదీన, ఈ దేశపు లెక్క ప్రకారం, బాగ్దాదు తేదీకంటే ఎంతో ముందే, రేకుల షెడ్డులో ఖద్దూరి నిలబడి వానను అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనసుపెట్టి అడిగాడు. దుమ్ముతో అందరి ఛాతీలూ పట్టేసి ఉన్నాయి, కుళాయి ఎండిపోయి ఉంది. అతను అడిగిన తీరుకి షెడ్డులో మగవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. "మనవాడు ఆకాశానికి చిల్లి పెడతాడు," అని బెఖోర్ మెచ్చుకున్నాడు.

చిల్లి పడింది. ఆ చలికాలం కురిసిన వాన క్యాంపులో ఎవరూ మర్చిపోరు. గుట్ట మీది నీళ్ళన్నీ గుడారాల్లోంచే దారి చేసుకున్నాయి. ఖద్దూరి కూతురు నయీమా గుడారం కర్ర విరిగి, తడిసిన గుడ్డ మొత్తం మంచం మీద కూలింది. మంచం మీద లూలూ ఉంది. నయీమా మొదటి బిడ్డ. అప్పుడప్పుడే పాకుతోంది. గుడ్డ కింద నుంచి బిడ్డని క్షేమంగానే తీశారు. కానీ నిలువునా తడిసింది, పొడిగుడ్డ అన్నది ఏ గుడారంలోనూ లేదు, జలుబు ఛాతీలోకి దిగింది. రోడ్డంతా బురద కావడంతో క్లినిక్కు బండి ఎక్కడో మలుపులో కూరుకుపోయింది. అల్లుడు మురాద్ బిడ్డని ఎత్తుకుని ఆ బండికి ఎదురు నడిచాడు. బండి దగ్గరికి చేరేసరికి చేతుల్లో బిడ్డ లేదు, బిడ్డ బరువే ఉంది.

క్యాంపు వెనక గట్టు మీద పాతిపెట్టారు. ఖద్దూరి ఆ రోజు కూడా ప్రార్థన చదివాడు. ఆ తర్వాత అతని గొంతు తగ్గిపోయింది. చలి పట్టిందన్నారు. చలి కాదని ఫర్హాకి తెలుసు. ఆమె ఒక్కసారే అంది, బియ్యం ఏరుతూ, తలెత్తకుండా: "అంత బాగా అడగకపోతే ఏంపోయేది." అదే మాట అతను తనని తాను అప్పటికే చాలాసార్లు అడుక్కున్నాడు.

*

రెండో శరత్కాలం వచ్చింది. రేకు గదులు రాలేదు. నయీమాకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. మురాద్ నారింజ తోటల పనికి దూరం పోయి వారానికోసారి వస్తున్నాడు, అందుకని నయీమా తల్లిదండ్రుల గుడారంలోనే ఉంది. నీళ్ళకి కటకటగా ఉంది. కుళాయి పొద్దున కాసేపు వదిలి కట్టేస్తున్నారు. నయీమా ఆ నిండు కడుపుతోనే వరసలో నిలబడి డబ్బా నింపుకుని, దాంట్లో కొంత గట్టు మీదకి మోసుకుపోయి సమాధి మట్టి మీద పోసి వస్తోంది. ఎండకి ఆ బంకమట్టి నెర్రెలు విచ్చింది. వరసలో ఆడవాళ్ళు సణిగారు. తాగడానికి లేక చస్తుంటే మట్టికి పోస్తోంది చూడమన్నారు. కడుపుతో ఉన్న మనిషి కదాని గట్టిగా ఎవరూ అనలేదు. ఖద్దూరి దూరం నుంచి చూసేవాడు. దుఃఖం అనుకునేవాడు. దుఃఖానికి ఏదో ఒక పని కావాలి కదా అనుకుని వదిలేసేవాడు.

పర్ణశాలల పండుగ అయిపోయింది. ఆ పండుగ చివరి రోజు నుంచి 'గాలిని వీయించేవాడా, వానను కురిపించేవాడా' అని రోజూ పొగుడుతాం. పొగడటం వేరు, అడగటం వేరు. పొగడటానికి ఖద్దూరికి అభ్యంతరం లేదు. ఉన్నమాటే కదా, కురిపిస్తాడు, అది కళ్ళారా చూశాడు. అడగాల్సిన రోజు దగ్గరికొస్తున్న కొద్దీ మాత్రం అతనికి అన్నం సహించడం మానేసింది.

"ఈసారి ఎవరు నిలబడతారు?" అంది ఫర్హా, స్టవ్వుకి గాలి కొడుతూ.

"ఇంకెవరున్నారు."

"నీళ్ళపని చేసే జోసెఫ్ ఉన్నాడుగా. కాకి గొంతు. వాడడిగితే పైన ఎవరూ తలుపు తియ్యరు. వాణ్ణి అడగనీ."

"హాఖాం నన్నే అన్నాడు."

ఫర్హా గాలి కొట్టడం ఆపింది. "ఇదుగో విను. ఇది కని, ఆ బిడ్డకి ఒంటి మీద కాస్త కండ పట్టేదాకా ఒక్క చినుకు పడకూడదు. ఆ రోజు నువ్వు నోరు తెరిచి అడిగావా, ఇక నాతో మాట్లాడకు. నేనూ మాట్లాడను. అన్నం పెడతాను, అది వేరే సంగతి."

నయీమా మూలన కూర్చుని ఏదో కుడుతోంది. విననట్టే ఉంది.

ఖద్దూరి హాఖాం అబూదీ దగ్గరికి పోయాడు. నోరున్నవాడు కాదని చెప్పాను కదా. ఆ రోజు మాత్రం దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాడు.

"గురువుగారూ, పండుగ అయిపోయాక కూడా పదిహేను రోజులు ఆగి వానని అడుగుతాం. ఎందుకో మీరే చెప్పారు, నా చిన్నప్పుడు."

"చెప్పాను. వెనకటి రోజుల్లో మన వైపు నుంచి జనం నడిచి జెరూసలేం ఆలయానికి వచ్చేవాళ్ళు. పండుగయ్యాక తిరిగి నడిచేవాళ్ళు. వాళ్ళలో అందరికంటే చివరివాడు, కుంటివాడో ముసలివాడో, యూఫ్రటీసు ఒడ్డుకి తడవకుండా చేరాలి. అందాకా ఈ దేశంలో ఎవరూ వాననడగకూడదు. ఇక్కడి రైతు విత్తనం చేత్తో పట్టుకుని కూర్చున్నా సరే."

"ఒక్క బాటసారి కోసం."

"ఒక్క బాటసారి కోసం."

"మరి మనమేంటి గురువుగారూ? మనం ఇల్లు చేరామా? నా కూతురు గుడ్డ కింద కంటుంది. ఆ రోజుల్లో మన వైపు పోయేవాడి కోసం ఊరూ వాడా నోరు కట్టుకుని కూర్చుందట. మన వైపు నుంచి వచ్చినవాళ్ళ కోసం ఎవరాగుతున్నారు? మనం బాగ్దాదువాళ్ళం కదా. బాగ్దాదు తేదీకే అడుగుదాం. అది డిసెంబరులో కదా. అంతలోకి పురుడు అయిపోతుంది."

అబూదీ పక్కనున్న పుస్తకాల ఉబ్బిన అట్టలు తడిమాడు. ఆయన గుడారమూ కిందటేడు కూలినదే. పుస్తకాలన్నీ నానిపోయాయి.

"ఎక్కడ నిలబడ్డావో అక్కడి తేదీ, ఖద్దూరీ. కాళ్ళు ఈ నేల మీదున్నాయి, రోడ్డవతల వాళ్ళు విత్తారు. వాళ్ళు వేసిందే మనకు రొట్టె అవుతుంది. వాళ్ళని ఎండబెట్టే హక్కు నాకు లేదు," అన్నాడు చివరికి. ఆగి మళ్ళీ అన్నాడు. "ఒకటి మాత్రం చెప్తాను. ఆలయం ఉన్న రోజుల్లో ప్రధాన యాజకుడు ఏడాదికోసారి గర్భగుడిలోకి పోయి బయటికొస్తూ చిన్న ప్రార్థన చేసేవాడు. వాన వద్దనే బాటసారుల మొర నీ దగ్గరికి రానివ్వకు అని. ఆలోచించు. అంత పెద్దాయన, అంత పవిత్రమైన రోజున, దారిన పోయే ఒక తడిసిన మనిషి మొరని ఆపమని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆ మొరకి అంత బలముందన్నమాట."

"అంటే నన్నేం చెయ్యమంటారు?"

"అందరి తరఫునా అడుగు. నీ తరఫున నీ మొర నువ్వు పెట్టుకో. రెండూ పైకి పోనీ. రెండింటి మధ్య పడి నలిగేది ఆయన, నువ్వు కాదు."

ఖద్దూరి వెనక్కి నడిచాడు. నలుగుతున్నది ఎవరో అతనికి తెలుస్తూనే ఉంది.

*

ఏడో తేదీ పొద్దున షెడ్డు నిండింది. అంతకుముందు సాయంత్రం ప్రార్థనలో ఎవరికివారు లోలోపల అనుకున్నారు కాబట్టి ఎవరు ఏమడిగారో ఎవరికీ తెలియదు. పొద్దున అలా కుదరదు. ఒకడు నిలబడి అందరి తరఫునా పైకి చదవాలి. ఖద్దూరి శాలువా తల మీదకి లాక్కుని నిలబడ్డాడు. వెనక గోనెపట్టా తెర, దాని వెనక ఆడవాళ్ళ చోటు. మామూలు రోజుల్లో అక్కడ ఎవరూ ఉండరు.

మా పద్ధతిలో ఒక చిక్కుంది. ఏడాది పంటను దీవించమనే ఆశీర్వచనం వేసవికొకటి, చలికాలానికొకటి. రెంటికీ మొదటి మాట దాదాపు ఒకటే. ఆ ఒక్క మాట దాటాక దారులు వేరు. వేసవిదానిలో వాన లేదు, చలికాలందానిలో ఉంది. అందుకని తేదీ మారిన కొత్తలో నాలుక పాత దారినే పడిపోతుంటుంది. ఎంత పెద్ద పండితుడికైనా జరుగుతుంది. జనం బల్ల చరుస్తారు, చదివేవాడు నాలుక కరుచుకుంటాడు, సరిదిద్దుకుంటాడు. అదొక సరదా.

ఖద్దూరి ఆ చిక్కు వెనక దాక్కుందామనుకున్నాడు. తెల్లవారకముందే తేల్చుకున్నాడు. నాలుక జారిందంటే ఎవరు కాదంటారు?

పొగడాల్సినవి పొగిడాడు. గాలిని వీయించేవాడా అన్నాడు, వానను కురిపించేవాడా అన్నాడు. పంట ఆశీర్వచనం దగ్గరికొచ్చాడు. మొదటి మాట పలికాడు. పలికి, వేసవి దారిన పోయాడు.

ఎవరో బల్ల చరచడానికి చెయ్యెత్తారు. ఆ చెయ్యి కిందకి దిగలేదు. ఖద్దూరికి వెనకనున్నవి కనపడకపోయినా తెలుస్తూనే ఉంది. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ గుడారాల వాళ్ళే. అందరికీ కిందటేడు గుర్తుంది. జారిన నాలుక చప్పుడు వేరుగా ఉంటుంది. ఇది జారడం కాదని ప్రతి ఒక్కడికీ అర్థమైంది. బెఖోర్ దగ్గాడు. హాఖాం అబూదీ తల వంచుకుని ఉన్నాడు, బల్ల చరిచి సరిదిద్దాల్సింది ఆయనే, చరచలేదు.

ఖద్దూరి చదువుకుంటూ పోయాడు. చెదిరినవాళ్ళని పోగుచెయ్యమనేది, జెరూసలేంని కట్టమనేది. ఇంకొక్క చోటుంది. పంట దగ్గర వానని మర్చిపోయినవాడు, మొరలు ఆలకించేవాడా అనే ఆశీర్వచనంలో అడగవచ్చు. అది దాటితే ఇక దాటినట్టే. అక్కడికొచ్చాడు. మా గొంతు విను అన్నాడు. దయ చూడు అన్నాడు. ఆగిపోయాడు.

ఆగి నిలబడిపోయాడు. లూలూ చెయ్యి గుర్తొచ్చింది. ఫర్హా బియ్యం ఏరుతున్న చెయ్యి గుర్తొచ్చింది. రోడ్డవతల తలెత్తి చూసే మనుషులు గుర్తొచ్చారు. అతనికి అలసటగా ఉంది. దేవుడి మీద కోపం కూడా లేదు. కోపానికి కావాల్సిన బలం లేదు. ఈ బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటే బాగుండుననిపించింది.

"నాన్నా, అడుగు."

తెర వెనక నుంచి, మెల్లగా. నయీమా గొంతు. ప్రార్థన మధ్యలో ఆడమనిషి నోరెత్తడం మా తాతల నాడు ఎరగం. ఎవరూ వెనక్కి తిరగలేదు. హాఖాం అబూదీ మాత్రం తల ఎత్తాడు.

ఖద్దూరి అడిగాడు. మంచునూ వాననూ ఇవ్వు అన్నాడు. కిందటేటి గొంతు కాదు. దూది తడిసినప్పటి నారిలా పలికింది. అయినా అందరికీ వినిపించింది, అందరూ ఆమెన్ అన్నారు.

బయటికొచ్చేసరికి నయీమా షెడ్డు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. గుట్టెక్కినందుకు రొప్పుతోంది.

"ఎందుకమ్మా? నీ కోసమే కదా నేను..."

"నా కోసమని తెలుసు. నన్నడగలేదు." నయీమా మొహం తుడుచుకుంది. "నువ్వు రోజూ పొద్దున్నే ఏమంటావు నాన్నా? వాన కురిపించేవాడా అంటావు, చనిపోయినవాళ్ళని లేపేవాడా అంటావు. రెండూ ఒకే ఊపిరిలో అంటావు. చిన్నప్పట్నించీ వింటున్నాను, ఒకదాని పక్కన ఒకటే ఉన్నాయి. ఇప్పుడు వాన వద్దంటే రెండోది మాత్రం ఏ మొహం పెట్టుకుని అడుగుతావు? నాకా రెండోది కావాలి. మట్టి ఎలా నెర్రెలిచ్చిందో చూశావా? నా చెయ్యి పడుతోంది నాన్నా దాంట్లో. నేను పోసే డబ్బా నీళ్ళకి అది పూడట్లేదు."

ఖద్దూరికి అప్పుడు తెలిసింది కుళాయి నీళ్ళు ఎందుకు మోస్తోందో. కూతుర్ని కాపాడుతున్నాననుకుని ఏడాదంతా ఆమె దాహాన్నే వద్దన్నాడు. అతనికి ఏడుపొచ్చింది. షెడ్డు ముందు, అందరూ బయటికొస్తుండగా, నిలబడి ఏడ్చాడు. ఎవరూ వేళాకోళం చెయ్యలేదు.

గుడారంలో ఫర్హా రొట్టె పెట్టింది, ఆలివ్ కాయలు పెట్టింది, మామిడికాయ పచ్చడి పెట్టింది. మాట్లాడలేదు. అన్నమాట నిలబెట్టుకునే మనిషి.

*

వాన రాలేదు.

ఆ వారం రాలేదు, తర్వాతి వారం రాలేదు. రోడ్డవతల చల్లిన విత్తనం పిట్టల పాలైంది. రైతులు మెడలు నొప్పెట్టేలా పైకి చూశారు. తన వల్లే అనుకున్నాడు ఖద్దూరి. అరగొంతుతో, వేసవి దారి తొక్కి వెనక్కొచ్చి అడిగిన దానికి ఎవరు పలుకుతారు? అడిగితే బిడ్డ పోయింది, అడగలేక అడిగితే పంట పోతోంది. కూలికి వెళ్ళి ఆ రైతుల మొహం చూడలేక తల వంచుకుని తవ్వేవాడు. ఇంటికొస్తే ఫర్హా "మీ నాన్నకి చెప్పు నీళ్ళు కాగాయని" అని కూతురితో చెప్పేది, మధ్యలో జానెడు దూరం కూడా లేని గుడారంలో.

నయీమాకి నొప్పులొచ్చిన పొద్దున రోడ్డు ఎండి గట్టిగా ఉంది. క్లినిక్కు బండి గుడారం ముందు దాకా వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా తిరిగొచ్చారు. ఆ బండి చక్రాల కింద లేచిన దుమ్ము చూస్తూ ఖద్దూరి నిలబడ్డాడు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ఆ పొడి రోజుల్లో అతనొక పని చేశాడు. విల్లులా ఒంగిన కొమ్మ ఒకటి రోడ్డుపక్క దొరికితే చెక్కి, బాగ్దాదు నుంచి నడుముకి చుట్టుకు తెచ్చిన నారిని కట్టాడు. తమ పాత పరుపు విప్పి, అట్టలు కట్టిన దూదిని ఏకాడు. గాలిలో తడి లేదేమో, విల్లు మోగింది. చుట్టుపక్కల గుడారాల వాళ్ళు పని ఆపి విన్నారు. బిడ్డకి పరుపూ, దుప్పటీ కుట్టాడు. ఫర్హా పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. అప్పుడూ మాట్లాడలేదు. తర్వాత అతను గుడారం గుడ్డకి గోనెలు పొరగా కుట్టి, చుట్టూ కాలవ తవ్వి, కర్రకి ఇంకో కర్ర దన్ను పెట్టాడు.

ఒక ఉదయం కుళాయి వరసలో మనుషులందరూ ఒక్కసారి తలెత్తారు. మబ్బు గుట్ట మీద నుంచి దిగింది. మొదట దుమ్ము వాసన, తర్వాత చినుకు, తర్వాత వాన. డబ్బాలు అక్కడే వదిలి పరిగెత్తారు. ఖద్దూరి ఒకవైపు, ఫర్హా ఒకవైపు కర్ర పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో మంచం మీద నయీమా, ఆమె చంకలో దూది దుప్పట్లో బిడ్డ. నీళ్ళు కాలవలో సాగిపోయాయి. గుడారం ఒంగింది, నిలబడింది.

కాస్త తెరిపిచ్చాక బెఖోర్ గోనె తల మీద కప్పుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "హాఖాం గుర్తుచేశాడన్నా. ఇవాళ తేదీ ఏంటో చూశావా? బాగ్దాదులో వానని అడగడం మొదలెట్టే రోజు. పైవాడింకా మన పాత చిరునామాకే పంపుతున్నాడు."

ఖద్దూరి నవ్వాడు, నెలరోజుల తర్వాత. నవ్వుతూనే బిడ్డ వంక చూశాడు. అది పొడిగా, మూతి ముడుచుకుని నిద్రపోతోంది. ఎక్కణ్ణించి నడిచొచ్చిందో పాపం, అలిసిపోయినట్టుంది. ఆ చివరి బాటసారి సంగతి గుర్తొచ్చి అతనికి ఒక ఆలోచన తట్టింది. ఎవరికీ చెప్పలేదు. రోడ్డవతల మళ్ళీ విత్తనం కొనాల్సినవాళ్ళున్నారు, వాళ్ళ ముందు చెప్పుకునే మాట కాదది.

"నాన్నా, ఒక్కసారి గట్టు మీదకెళ్ళి చూసొస్తావా?" అంది నయీమా.

వెళ్ళాడు. వాన ఇంకా సన్నగా పడుతోంది. చెప్పులు బురదలో ఊడిపోతే చేత్తో పట్టుకుని ఎక్కాడు. సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి పెట్టి తడిమాడు. మట్టి మెత్తగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమాడు. చెయ్యి ఎక్కడా దిగలేదు. గాలిని వీయించేవాడా, వానను కురిపించేవాడా, చనిపోయినవాళ్ళని లేపేవాడా అన్నాడు. అలసిన గొంతుతోనే అన్నాడు. కాసేపు తడుస్తూ కూర్చుని లేచాడు.

గుడారం గుమ్మంలో ఆగాడు. మోకాళ్ళ దాకా బురద.

"పూడిందమ్మా," అన్నాడు.

నయీమా కళ్ళు మూసుకుంది. ఫర్హా పెట్టె మీద నుంచి పొడిగుడ్డ తీసి అతని వైపు చాపింది.

"కాళ్ళు తుడుచుకుని లోపలికి రా," అంది.